మారని టోను

జాన్ పాల్ సంచి మేడమెట్ల మీద ఉంది. జాన్ పాల్ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. మధ్యలో, గుమ్మానికి అడ్డంగా అమలమ్మ కూర్చుని చేటలో ఎండురొయ్యలు బాగుచేస్తోంది.

చిన్నకొడుకు బయటికి వెళ్ళాలంటే ఆవిణ్ణి దాటుకుని వెళ్ళాలి. తల్లిని దాటే ధైర్యం వాడికి లేదని ఆవిడకి తెలుసు. అందుకే ఏడింటికే చేట తెచ్చుకుని కూర్చుంది. తలలు గిల్లి ఒక పక్కకీ, తోకలు గిల్లి ఇంకో పక్కకీ వేస్తోంది. రెండు గుప్పెళ్ళ రొయ్యలు గంట నుంచీ అవడం లేదు.

"దారివ్వమ్మా," అన్నాడు జాన్ పాల్.

"ఇస్తాలే. రొయ్యలవనీ."

"అవి అవ్వవు. బాగుచేసినవే మళ్ళీ చేటలో వేస్తన్నావు."

"నీ కళ్ళు బానే ఉన్నాయిగా. ఆ కళ్ళతో మీ అన్న మొహంలోకి చూసి, నేను చెయ్యలేదన్నయ్యా అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా రాత్రి?"

వాడు వంటింటి గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నిలబడ్డ వదిన వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. స్టెల్లా వెనక్కి తిరిగేసరికి పెనం మీద పెసరట్టు మాడిపోయి ఉంది.

ఇంటి చివరి గదిలోంచి, మూసిన తలుపు వెనక నుంచి ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. ఆ గదే స్టూడియో. లోపల అంతోని ఉన్నాడు. రాత్రి భోజనాల దగ్గర తమ్ముణ్ణి ఇంట్లోంచి పొమ్మన్న మనిషి, పొద్దున్నే లేచి కాఫీ కూడా తాగకుండా వెళ్ళి ఆ తలుపేసుకున్నాడు.

పొమ్మనడంతో ఆగలేదు. ఊళ్ళో ఉన్న నాలుగైదు స్టూడియోలకి ఫోన్లు చేశాడు. మా జాన్ పాల్ పని కోసం వస్తే ఒక కన్నేసి ఉంచండి, ఒకరు చేసిన పాటని వాళ్ళకి తెలియకుండా కెలికే అలవాటుంది వాడికి అని చెప్పాడు. అరిచి చెప్పినా స్టెల్లాకి ఇంత భయం వేసేది కాదు. గొంతు పెంచకుండా, హాజరు పిలిచినట్టు, ఒకరి తర్వాత ఒకరికి చెప్పాడు. ఇరవయ్యారేళ్ళ జాన్ పాల్‌కి పాటలు మిక్సింగ్ చెయ్యడం తప్ప ఇంకో పని రాదు. ఇక బెజవాడలో ఏ స్టూడియో గడపా వాణ్ణి ఎక్కనివ్వరు.

పాటని కెలికింది జాన్ పాల్ కాదు. స్టెల్లా.

ఆ సంగతి జాన్ పాల్‌కీ తెలుసు.

వాడు నీళ్ళు తాగే వంకన వంటింట్లోకి వచ్చాడు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గాని బిందె మూత తియ్యలేదు.

"మీ అన్నయ్యకి చెప్పేస్తాను," అంది స్టెల్లా పెనం వైపే చూస్తూ.

"ఏమని చెప్తావు వదినా?"

"చేసింది నేనని."

"ఓహో అని ఊరుకుంటాడా? ఎందుకు చేశావంటాడు. అప్పుడేం చెప్తావు?"

స్టెల్లా దగ్గర జవాబు లేక కాదు. అది ఆ మనిషి మొహం చూసి చెప్పగలిగిన జవాబు కాదు.

"నన్ను కొండపల్లి పోనీ," అన్నాడు వాడు మెల్లగా. థర్మల్ స్టేషన్ క్వార్టర్సులో తన స్నేహితుడి ఇల్లుందనీ, పది రోజులు అక్కడుంటే అన్నయ్య కోపం చల్లారుతుందనీ చెప్పాడు. "నేను చెడ్డోణ్ణయితే మళ్ళీ మంచోణ్ణి అవ్వచ్చు వదినా. ఆయనకి ఆ సంగతి తెలిస్తే..."

ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

స్టెల్లా మాడిన అట్టు గీకుతూ ఉండిపోయింది. పది రోజుల్లో చల్లారే కోపం కాదది. కోపమే అయితే ఎప్పుడో చల్లారేది.

అంతోని వాయించేవి కంప్యూటరు లోపల ఉండే వాయిద్యాలు. సాఫ్ట్ సింథ్‌లు అంటారు. చేతికి తగిలేది ముందున్న చిన్న కీబోర్డు ఒక్కటే. అసలు వాయిద్యమంతా తెర మీద బొమ్మ. ఆ బొమ్మ మీది నాబులు తిప్పుతూ కొత్త కొత్త శబ్దాలు తయారుచేసుకుంటారు. ఒక్కో శబ్దం ఒక టోను. అంతోనిలా గుడికి, అదే చర్చికి, పాటలు చేసేవాళ్ళ దగ్గర ఇలాంటి సింథ్‌లు పదీ ఇరవై ఉంటాయి. అంతోని మూడిటితోనే సరిపెట్టుకుంటాడు. మూడిట్లోనూ ప్రాణంగా చూసుకునేది ఒక్కదాన్నే. దాని తెర నీలంగా ఉంటుంది కనక ఇంట్లో అందరూ నీలప్పెట్టె అంటారు. పెద్దోడు నీలప్పెట్టె ముందున్నాడు, పిలవమాకండి అని అమలమ్మ కూడా ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతుంది.

ఏలూరు నుంచీ తెనాలి నుంచీ వాయించేవాళ్ళు వచ్చి ఏ సింథ్ మంచిదని అడుగుతుండేవాళ్ళు. కొత్తగా వచ్చిన ఫలానాదాంట్లో మూడు వేల టోన్లున్నాయట అనేవాళ్ళు. అంతోని నవ్వేవాడు. మూడు వేలు ఏం చేసుకుంటారయ్యా, వడ్డిస్తారా అనేవాడు. తర్వాత, చిన్నపిల్లలకి ఎక్కం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పేవాడు.

"నలభై ట్రాకులు పెట్టినా మధ్యలో ఆయాసపడకూడదు. నాబు ఎంత తిప్పితే శబ్దం అంతే తిరగాలి. ఇవాళ దాచుకున్న టోను పదేళ్ళ తర్వాత తీసినా అచ్చం ఇవాళ్టిలాగే పలకాలి. ఈ మూడూ ఉంటే అది మంచి సింథ్. రంగూ రుచీ తర్వాత."

ఆ మాటలన్నీ స్టెల్లా పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని వినేది. చల్లపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న పిల్ల. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ తెర చూస్తే భయం వేసేది. ఎనిమిదేళ్ళలో ఆ భయం పోయి, ఆ స్టూలు ఆమెదయింది. అంతోని టోను కుదిరిందనుకున్నప్పుడు వేలెత్తుతాడు. స్టెల్లా దానికి పేరు పెట్టి సేవ్ చేస్తుంది. ఏ ఊరి పాట కోసం మొదట తయారైతే ఆ ఊరి పేరు, పక్కన సంవత్సరం. అదీ వాళ్ళ పద్ధతి. అవనిగడ్డ, మోపిదేవి, పామర్రు, గుడివాడ... నీలప్పెట్టె తెరిస్తే బస్సు బోర్డు చదివినట్టుంటుంది.

సేవ్ చేసేముందు అంతోని తప్పకుండా అడిగే మాట ఒకటుంది. ఎలా ఉంది? స్టెల్లా వెంటనే చెప్పేది. బాగుందనో, కాస్త గరగరలాడుతోందనో. ఆమె మాట మీద అతను టోను మార్చిన రోజులున్నాయి. దీని చెవికి తూకం తెలుసు అని అమ్మ ముందు అనేవాడు.

రెండేళ్ళయి అడగడం మానేశాడు.

ఆ రెండేళ్ళలోనే ఆమె ఒక సంగతి గమనించింది. నీలప్పెట్టె మీద ఫిల్టరు అనే నాబు ఒకటుంది. ఎడమకి తిప్పితే శబ్దం మెత్తబడుతుంది, కుడికి తిప్పితే పదునెక్కుతుంది. దాని కింద అంకె కనబడుతుంది. పాత టోన్లలో అది నలభై అయిదు దగ్గర ఉండేది. తర్వాత యాభై అయిదు. తర్వాత డెబ్భై. ఈ ఏడు చేసిన టోన్లన్నీ ఎనభై దాటినవే. అభిరుచి మారిందేమో అనుకుంది మొదట.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు చార్జి అయిపోవస్తే సన్నగా కీచుమంటుంది. అది స్టూడియోలో అంతోని కాళ్ళ దగ్గరే కీచుమంటోంది. వంటింట్లో ఉన్న స్టెల్లాకి వినబడి పరిగెత్తుకొచ్చింది. అతను తలొంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. మరుక్షణం తెర ఆరిపోయింది. ఈ దరిద్రపు ఇన్వర్టరు ఒక్క కూత కూడా కుయ్యలేదు చూడు, అన్నాడు. అది అప్పటికీ కుయ్యడం ఆపలేదు. మాటలు వినబడే మనిషికి సన్నటి శబ్దాలే అందడం లేదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

తర్వాత తనకి చెవిపోటని చెప్పి, తోడు రమ్మని అతన్ని గవర్నరుపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎలాగూ వచ్చారు గదా, మా ఆయన్ని కూడా ఒకసారి చూడండి డాక్టరుగారూ అంది. అంతోనికి అర్థమైంది. లేచి బయటికి వచ్చేశాడు. మేడమెట్లు ఎక్కుతూ, చెవిటోడు పాటలు చేస్తన్నాడని ఊరంతా చాటింపు వెయ్యి ఇంక, అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కిందటి వానాకాలంలో రెండు ఊళ్ళవాళ్ళు పాటలు వెనక్కి పంపారు. మైకులో వేస్తే చెవుల్లో సూదులు గుచ్చుకుంటున్నాయి అన్నారు. వాళ్ళ మైకుసెట్టు మంచిది కాదన్నాడు అంతోని. టోను కాస్త గుచ్చుతోందన్నయ్యా అని జాన్ పాల్ ఒకసారి అన్నాడు. ఇంకోసారీ అన్నాడు. నిన్న గాక మొన్న పాలు తాగిన నోరు అని అన్న కసిరితే ఊరుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టింది స్టెల్లా. మధ్యాహ్నం భోజనమయ్యాక అంతోని గంటసేపు పడుకుంటాడు. ఆ గంటలో పాట తెరిచి, ఫిల్టరు ఎడమకి తిప్పి, ఆ పాటని ఊరివాళ్ళకి పంపేది. మార్చింది సేవ్ చెయ్యకుండా మూసేసేది, అంతోని తెరిస్తే అతని టోనే ఉండేలా. ఒకరోజు తలుపు తోసుకుని వచ్చిన జాన్ పాల్ చూశాడు. చూసి, తలుపు మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

అలా నాలుగు పాటలు వెళ్ళాయి. పాత అంతోని మళ్ళీ వచ్చాడన్నారు నాలుగు ఊళ్ళవాళ్ళూ. ఆ మాట అంతోని భోజనాల దగ్గర మూడుసార్లు చెప్పుకున్నాడు. స్టెల్లా పప్పు వడ్డిస్తూ వింది. అతను అంత సంతోషంగా అన్నం తిని చాలా కాలమైంది.

అయిదో పాట చల్లపల్లి గుడిది. గుణదల మరియమ్మ తిరునాళ్ళలో పాడటానికి. ఆ పాటకి ఫిల్టరు తగ్గించి, పంపేసి, మూసేముందు ఆమె వేళ్ళు వాటంతటవే సేవ్ నొక్కాయి. ఎనిమిదేళ్ళుగా టోను కుదిరిందంటే ఆ వేళ్ళు చేసే పని అదొక్కటే. నొక్కినట్టు కూడా ఆమెకి తెలియలేదు. నిన్న సాయంత్రం అంతోని ఆ పాట తెరిచి, గుచ్చుతోందని రెండుసార్లు అన్న తమ్ముడి పనే ఇదని తేల్చేదాకా.

ఎనిమిదిన్నరకి జయపాల్ మాస్టారు మెట్లెక్కి వచ్చారు. చల్లపల్లి గుడిలో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి ఆయన. పాటల బృందాన్ని నడిపేదీ ఆయనే. మొదటి బస్సుకి బయల్దేరినట్టున్నారు, మెడ చుట్టూ మఫ్లరు ఇంకా ఉంది. మెట్ల మీద సంచినీ, గుమ్మంలో అమలమ్మనీ చూసి ఆగిపోయారు.

"ఏంటి అక్కయ్యగారూ, గుమ్మంలో కొట్టు తెరిచారు?"

"బేరాలు లేవు మాస్టారూ," అంది అమలమ్మ. అని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. స్టెల్లా కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. పిల్లలకి ఆదివారం నుంచి ప్రాక్టీసు పెట్టాననీ, పాట పెన్‌డ్రైవులో వేసిస్తే పది గంటల బస్సుకి వెళ్ళిపోతాననీ ఆయన చెబుతుండగానే స్టూడియో తలుపు తెరుచుకుంది.

అంతోని గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాస్టారికి నమస్కారం పెట్టాడు.

"రండి మాస్టారూ. అమ్మా, నువ్వూ రా. వాణ్ణి కూడా రమ్మను. మీ అందరి ముందే తేలాలి."

పెద్దకొడుకు పిలిచాడనే సంబరంలో అమలమ్మ చేట పక్కన పెట్టి గుమ్మంలోంచి లేచింది.

స్టూడియో గోడలకి పాత బొంతలు మేకులతో కొట్టి ఉంటాయి, శబ్దం చెదరకుండా. ఫ్యాను వెయ్యరు. నలుగురు చేరేసరికి గది ఉక్కపోసింది. స్టెల్లా అలవాటుగా తన స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నాక, ఇవాళ అక్కడ కూర్చోకుండా ఉండాల్సిందనిపించింది. జాన్ పాల్ లోపలికి రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

అంతోని మాస్టారికి చెప్పుకొచ్చాడు. పాట ఇవాళ ఇవ్వలేననీ, తను ఎంతో కష్టపడి చేసిన టోనుని ఈ ఇంట్లోనే ఒకరు దొంగచాటుగా తగ్గించేశారనీ, మొన్న ఫోనుకి వచ్చిన పాట తనది కాదనీ చెప్పాడు.

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. "ఏమో అంతోనీ. ఆ ఫోనుకి వచ్చింది మా ఇంటిదానికి కూడా వినిపించాను. ఏడ్చేసింది. ఎన్నాళ్ళకి విన్నాం అంతోని పాట అంది."

"అది నేను చేసింది కాదు మాస్టారూ."

"నువ్వు చేసిందేగా బాబూ, స్వరం నీదేగా..."

"స్వరం నాదే. గొంతు పిసికేశారు."

అమలమ్మ చిన్నకొడుకు వైపు చూసింది. వాడు నేల చూస్తున్నాడు.

"ఈ ఒక్కదాన్నే అనుకున్నా రాత్రి," అన్నాడు అంతోని. "పొద్దుట్నుంచీ పాతవి తీసి చూస్తన్నా. అన్నిట్లోనూ చెయ్యి పెట్టాడు. ఇదిగో, మీ ఊరిదే వినండి. మీ గుడి జూబిలీకి చేసింది. ఇది బాగుండేదని మీరే ఒప్పుకుంటారు."

నీలప్పెట్టెలో చల్లపల్లి 2016 అన్న పేరు మీద నొక్కాడు. ఆ పేరు స్టెల్లా టైపు చేసిందే. పెళ్ళయిన మూడో నెలలో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.

కీబోర్డు మీద నాలుగు స్వరాలు నొక్కాడు.

వెదురు పిల్లనగ్రోవికీ, దూరాన మోగే గుడిగంటకీ మధ్య ఎక్కడో ఉండే శబ్దం అది. నిదానంగా లేచి, గది నిండి, బొంతల్లోకి ఇంకిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అమలమ్మ పెదాలు ఆ జూబిలీ పాట మొదటి చరణాన్ని, గొంతు లేకుండా, అనుకుంటున్నాయి. స్టెల్లా చేతుల మీద రోమాలు లేచాయి. అప్పుడెలా ఉందో అలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"విన్నారుగా," అన్నాడు అంతోని. "గుడ్డ కప్పి వాయించినట్టు లేదూ?"

మాస్టారు కళ్ళు తెరిచి అమలమ్మ వైపు చూశారు.

"చెప్పండి మాస్టారూ. మీకు మొహమాటమైతే అమ్మని చెప్పమనండి."

"బానే ఉందిగదరా పెద్దోడా," అంది అమలమ్మ. ఆవిడకి లోపల ఏ లెక్కలూ లేవు. విన్నది విన్నట్టు చెప్పింది. "ఆ రోజు ఫాదరుగారు దీవించేటప్పుడు ఇట్టానే మోగింది. నాకు బాగా గుర్తు."

"నీకేం తెలుసమ్మా."

"ఏమో నాయనా. విన్నదే చెప్పా."

అంతోని మాస్టారి వైపు తిరిగాడు. ఆయన మఫ్లరు తీసి మడత పెడుతున్నారు. తలెత్తలేదు.

"సరే," అన్నాడు అంతోని. "ఎప్పుడు కెలికాడో తారీఖుతో సహా చూపిస్తా. అప్పుడు నమ్ముతారుగా."

టోను దాచిన ఫైలు వెతికి తెరిచాడు. చివరిసారి మార్చిన తేదీ తెర మీద కనబడింది. మాస్టారికీ అమలమ్మకీ అంత దూరం నుంచి కనబడదు. పక్కనే ఉన్న స్టెల్లాకి కనబడింది. 2016, అక్టోబరు. ఆమె సేవ్ చేసిన రోజు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కింద ఫిల్టరు నలభై అయిదు దగ్గరే ఉంది.

అంతోని ఆ తేదీ చదివాడు. మళ్ళీ చదివాడు. తెరకి దగ్గరగా వంగాడు.

అతని మెడ మీద చెమట బొట్టు ఒకటి చొక్కా కాలరులోకి జారడం స్టెల్లా చూసింది. తుడుద్దామని చెయ్యి లేవబోయి ఆగింది.

అతను తెర వదిలి ఆమె వైపు తిరిగాడు. రెండేళ్ళుగా అడగని మాట అడిగాడు.

"నీకెలా ఉంది?"

స్టెల్లా తెర మీది అంకె వైపు చూసింది.

"నీ చెవి నాకు తెలుసు. వీళ్ళందరి సంగతీ వదిలెయ్. నువ్వు చెప్పు. మొద్దుగా ఉందా, లేదా?"

తలుపు దగ్గర జాన్ పాల్ తలెత్తాడు. చెప్పొద్దన్నట్టు, కనబడీ కనబడకుండా తలాడించాడు. స్టెల్లా భర్త మొహం చూసింది. కోపం లేదు అందులో. పరీక్ష రాసొచ్చిన పిల్లవాడు పాసయ్యానా అని అడిగేటప్పటి మొహం. అది బాగుందంటే ఈ మనిషి ఇక ఆ కుర్చీలో కూర్చోడు. బాగాలేదంటే తలుపు దగ్గర నిలబడ్డవాడు దొంగ అవుతాడు. మూడో మాట కోసం వెతికింది. దొరకలేదు.

"మొద్దుగానే ఉందండీ," అంది. "మీరన్నట్టే."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకి కాసేపు పట్టింది.

అమలమ్మ కోడలి వైపు వింతగా చూసింది. జాన్ పాల్ కూడా చూశాడు. చెప్పొద్దన్నది వాడే. అయితే ఊరుకుంటుందనుకున్నాడు గాని, ఇంత మాట అంటుందని అనుకోలేదు. వాడి మొహంలో రక్తం దిగిపోవడం ఆమెకి కనిపించింది.

"సరే వదినా," అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "అమ్మా, వెళ్ళొస్తా."

గుమ్మం ఖాళీగా ఉంది. సంచి తీసుకుని మెట్లు దిగిపోయాడు. అమలమ్మకి రెండు క్షణాలు ఏమీ పాలుపోలేదు. తర్వాత చెప్పులైనా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది. చేట కాలికి తగిలి రొయ్యలు చిందిపోయాయి. నేను తీసుకొస్తా ఉండండి అక్కయ్యగారూ అంటూ మాస్టారు కూడా లేచి వెళ్ళారు. వెళ్ళేముందు అంతోని భుజం మీద చెయ్యి వేశారు. అతను ఆ చేతిని గమనించినట్టు లేదు.

స్టూడియోలో ఇద్దరే మిగిలారు. తలుపు తెరిచే ఉంది. స్టెల్లా లేవబోయింది. మెట్ల దాకా వెళ్ళినా చాలు, పిలిస్తే వినబడే దూరంలోనే ఉంటాడు వాడు.

"ఉండు," అన్నాడు అంతోని.

ఆమె కూర్చుంది.

అతను తెర చూడటం లేదు. ఆమె మొహమే చూస్తున్నాడు. అలాగే చూస్తూ ఎడమచేత్తో కీబోర్డు మీద ఒక స్వరం నొక్కి పట్టుకున్నాడు. పాత టోను సన్నగా లేచింది. కుడిచేత్తో ఫిల్టరు నాబు కదిలించాడు.

నలభై అయిదు నుంచి అరవై. అరవై నుంచి ఎనభై.

ఏం చేస్తున్నాడో స్టెల్లాకి అర్థం కాలేదు. శబ్దం పదునెక్కుతోంది. మొహం మామూలుగా ఉంచుకోవాలనుకుంది. తొంభై దాటింది. నాబు కుడి చివరికంటా వెళ్ళింది. పలక మీద మేకు గీసినట్టు ఆ శబ్దం చెవిలోకి దిగింది. ఆమె ప్రమేయం లేకుండానే కళ్ళు మూసుకుపోయాయి. భుజం పైకి లేచి చెవికి అడ్డం వచ్చింది.

శబ్దం ఆగింది.

కళ్ళు తెరిచేసరికి అంతోని ఇంకా ఆమెనే చూస్తున్నాడు. అతని మొహంలో ఏ బాధా లేదు. ఆ స్వరం అతనికి ఒక్క ముల్లు కూడా గుచ్చలేదు.

మళ్ళీ నొక్కాడు. ఈసారి నాబు నెమ్మదిగా ఎడమకి తెచ్చాడు. ఆమె నుదురు ఎక్కడ విచ్చుకుంటుందో, భుజం ఎక్కడ దిగుతుందో చూస్తూ తెచ్చాడు. భుజం దిగిన చోట ఆపాడు. అప్పుడు తలతిప్పి తెర మీద అంకె చూశాడు. నలభై అయిదు.

దాచుకోవడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

అంతోని కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద చేతులు అవి. వాటినేం చెయ్యాలో తెలియనట్టు చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

స్టెల్లా నోరు తెరిచింది.

అప్పుడే కింద వీధిలోంచి అమలమ్మ పిలుపు వినిపించింది. చిన్నోడా అని ఒకసారి. చిన్నోడా, పెద్దోణ్ణి పిలుస్తానుండరా అని ఇంకోసారి, సన్నగా, గొంతు చీరుకుపోయేలా. ఆటో స్టార్టయి కదిలింది.

స్టెల్లా భర్త వైపు చూసింది. అతను ఆమె జవాబు కోసం అలాగే ఎదురు చూస్తున్నాడు. ఆ పిలుపు అతనికి వినబడిందో లేదో ఆమెకి తెలియలేదు.